మౌనాకియా కొండపై గొఱ్ఱెలవేట

గొఱ్ఱెల మందలను, వాని కాపరులను మన మెఱుగుదుము. కాని గొఱ్ఱెను అడవిమృగమువలె వెంటాడి, తుపాకితో కొట్టి, ఆ మాంసమును ఇంటికి తెచ్చుకొను జనులు గలరన్న మనలో పెక్కండ్రకు వింతగా దోచును. పసిఫిక్ మహాసముద్రమధ్యమున, ఉష్ణమండలమందలి హవాయి ద్వీపమున ఈ వేట తరములు గడచినను సాగుచున్నది. దాని చరిత్రము చదువరులకు విన్నవింతుము.

ఆ దీవులను మొదట చేరిన పాలినీషియా జనులు తమ పడవలలో పందులను, కుక్కలను, కోళ్లను తెచ్చిరి. గడ్డిమేయు గిట్టల జంతు వొక్కటియు నచ్చట లేకుండెను. 1793లో వాంకూవరను ఆంగ్ల నావికుడు ఆవులను, గొఱ్ఱెలను ఓడపై దెచ్చి కమేహమేహ రాజునకు కానుక యిచ్చెను. పదియేండ్లవఱకు ఆ పశువులను చంపరాదని రాజు నిషేధము విధించెను. పులి లేదు, తోడేలు లేదు, కంచె లేదు. జంతువులు అడవిబట్టి విస్తరించెను. డేవిడ్ డగ్లసను స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు 1834లో మౌనాకియా పార్శ్వమున, అడవిపశువులను పట్టుటకు త్రవ్విన గోతిలో శవమై దొరకెను; ఆ గోతిలోనే యొక ఎద్దును చిక్కియుండెను. అది హత్యయని శంకించినవారును లేకపోలేదు. చెట్ల పేరులు తెలియవచ్చినవానిని ఒక కానుక సంతతియే బలిగొనెనేమో!

మౌనాకియా దాదాపు 13,800 అడుగుల కొండ. ఉష్ణమండలమున నున్నను శీతకాలమున దాని శిఖరముపై మంచు పడును. ఆ కొండ నడుమభాగమున మామనె యను చెట్లు పెరుగును. అవి చిక్కుడుజాతివి, పచ్చని పూవులు, కాయలు గలవి. వాని లేతగింజలు ఇతర జీవములలో పెక్కింటికి విషము. పలీల యను చిన్న పసుపుతలపిట్ట మాత్రము ఆ కాయను కాలితో నదిమిపట్టి, ముక్కుతో చీల్చి, గింజను తినును. ఈ పిట్ట ప్రపంచమున మఱెచ్చటను లేదు. గొఱ్ఱెలో, ఆ చెట్టు మొలకలను మేయును, చిగుళ్లను త్రుంచును, బెరడు నొలుచును. ముసలిచెట్టు పడిపోయిన పిదప దాని చోట లేతచెట్టు లేచుట అసాధ్యమయ్యెను.

1930వ దశకమున ఆ కొండపై సుమారు 40,000 గొఱ్ఱెలుండెను. అటవీశాఖవారు కొండచుట్టు కంచె కట్టించి, 1946 నాటికి ఇంచుమించు 47,000 గొఱ్ఱెలను చంపించిరి. మందలు పలుచబడెను. అంతట ఆశ్చర్యకరముగ ప్రభుత్వమునకు మనసు మాఱినది. వేటగాండ్ర వినోదమునకును ఆహారమునకును మిగిలిన గొఱ్ఱెలను కాపాడుటయేగాక, 1960వ దశకమున మధ్యధరాసముద్రపు అడవిగొఱ్ఱె యగు మూఫ్లానును గూడ తెచ్చి అచ్చట విడిచిరి. ఒక చేత అడవిని కాచుచు మఱియొకచేత దాని శత్రువును పెంచుట యిట్టిది.

వేటగాండ్రను మాత్రము మేము నిందింపజాలము. ఆ ద్వీపమున సరకులనేకములు ఓడలమీద దూరమునుండి రావలెను, వెల హెచ్చు. పెద్దసంసారము గలవానికి ఒక గొఱ్ఱె దొరకినచో కొన్నాళ్లకు కూర. తెల్లవాఱకమున్నె చలిలో కొండయెక్కి, కొట్టినదానిని అచ్చటనే కోసి, తునకలను వీపున మోసికొని దిగవలెను. తండ్రి కొడుకునకు నేర్పిన పని యది. రెండువందల యేండ్లలో వచ్చినదైనను, వారికి అదియే పూర్వాచారము.

1978లో ఈ తగవు న్యాయస్థానమున కెక్కెను. వాదులలో మొదటిపేరు పలీలపిట్టదే! దేవతావిగ్రహమును న్యాయదృష్టిలో వ్యక్తిగా నంగీకరించిన మనకిది మిక్కిలి వింతగా తోపనక్కఱలేదు. జంతువును స్వయముగా చంపకున్నను, దాని నివాసమును చెఱచుటయు హానియేయని 1979లో తీర్పు చెప్పబడెను. 1981లో పై న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. మేకలను, గొఱ్ఱెలను కొండపైనుండి తొలగింపవలెనని యాజ్ఞ. మూఫ్లానులను గూర్చి 1986లో మఱొక తీర్పు రాగా, 1988లో అదియు స్థిరపడెను. అమెరికాదేశపు 1973 నాటి చట్టమునకు ఇంత విస్తృతార్థము చెప్పిన తొలి వ్యాజ్యములలో నిది యొకటి.

ఐనను గొఱ్ఱె మాయము కాలేదు. లోయలలో దాగినవి మరల పిల్లలను పెట్టును, కంచెలు తుప్పుపట్టును. అందుచే హెలికాప్టరులనుండి కాల్చుట యారంభమయ్యెను. వేటగాండ్రకు కోపము వచ్చినది ఇచ్చటనే. మాంసము కొండపై క్రుళ్లుచుండ ఇంట పిల్లలకు కొని పెట్టవలెనా యని వారి ప్రశ్న. మా యభిప్రాయమున తీర్పు న్యాయమే. కాని ఈ ప్రశ్నయు న్యాయమే. పిట్ట యింక తగ్గుచునే వచ్చెను. 2021 నాటి గణనలో వేయికి లోబడియే తేలెను. గొఱ్ఱెలతోబాటు అనావృష్టియు దానికి కారణము. కాల్పులు జరిగిన దినములలో కొన్నిటియందు అధికారులు ముందుగా ప్రకటించి, అనుమతి పొందినవారు వచ్చి ఆ కళేబరములను కొనిపోవుట కేర్పాటు చేసిరి. కొండ దిగువను బండ్లు బారులు తీరును. చల్లబడకమునుపే మాంసము ఇండ్లకు చేరును.