జిల్లా పటంలో కనపడని పల్లె

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలనూ, పుంగనూరు, కార్వేటినగరం వంటి జమీందారీ ప్రాంతాలనూ కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. పైన కలెక్టరు కచేరి మారింది గానీ ఊర్లో పెత్తనం మారలేదు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్కలు రాసేవాడు. ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కి దిగేవి. వాళ్ల కింద టముకు వేసి, కబుర్లు మోసి, వెట్టి చేసింది ఎక్కువగా మాల మాదిగలే. దళితులు పాలనకు బయట లేరు, దాని అడుగుమెట్టుగా ఉన్నారు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ వంశపారంపర్య పదవుల్ని రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. జిల్లాకు 66 మండలాలు. కచేరి దగ్గరైంది, నిజమే. మరి లెక్కల మాటేమిటి?

2011 జనగణనలో జిల్లా జనాభా 41,74,064. నూటికి డెబ్భై మంది పల్లెటూళ్లవాళ్లే. షెడ్యూల్డు కులాలవారు నూటికి దాదాపు 19 మంది. అయితే గ్రామాల పట్టికలు నడిచేది రెవెన్యూ గ్రామం పేరు మీద. ఊరికి ఎడంగా ఉన్న మాలపల్లె, మాదిగపల్లె ఆ పేరులోనే కలిసిపోతాయి. ఊర్లో బడి, బోరు ఉంటే పల్లెకూ ఉన్నట్టే లెక్క! మనుషుల సంఖ్య దొరుకుతుంది, శ్మశానానికి దారుందో లేదో దొరకదు.

2022 ఏప్రిల్ 4న పాత జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య విడిపోయింది. గీతలు ఎన్నిసార్లు మార్చినా పల్లెను విడిగా లెక్కించందే దాని లోటు కాగితం మీదికి రాదు. కచేరికి అర్జీ పెట్టేముందు ఆ లెక్క మనమే పల్లెపల్లె తిరిగి రాసుకోవాలి.