సైకిలుకి దారి తెచ్చిన తల్లులు



ముందుగా నా తప్పొకటి ఒప్పుకుని తర్వాత అసలు సంగతికి వస్తాను. చాలా ఏళ్ళయింది. సుల్తాన్ బజారులో రవికెగుడ్డలు కొందామని వెళ్ళి టాక్సీ దిగుతున్నాను. పర్సులో చిల్లర వెతుక్కుంటూ, వెనక్కి చూడకుండా, రోడ్డువైపు తలుపు తోసేశాను. వెనకనించి సైకిలు మీద వస్తున్న పాలబ్బాయి దానికి కొట్టుకుని పడిపోయాడు. క్యాను దొర్లిపోయింది, పాలన్నీ నేలపాలు. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది గానీ, అతని తలకి జానెడు దూరంలోంచి ఒక బస్సు వెళ్ళిపోయింది. ఆ చక్రం ఇప్పటికీ నా కళ్ళముందు తిరుగుతుంది. పాలడబ్బులు ఇచ్చాను. "పోనీలెండమ్మా, చూసుకోలేదు" అన్నాడతను. చూసుకోవలసింది నేను గదా!

సైకిలువాడి అవస్థ ఆ రోజు నాకు తెలిసొచ్చింది. ఎడమపక్కన బారులు తీరి నిలబెట్టిన కార్లు, కుడిపక్కన బస్సులు. ఎడమకి జరిగితే ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. కుడికి జరిగితే బస్సు. పైగా స్టాపు వచ్చేసరికి ఆ బస్సే ఎడమకి కోసుకుంటూ వచ్చి అతని దారికి అడ్డంగా నిలబడుతుంది.

మన ఊళ్ళలో ఒకప్పుడు సైకిలుకి మర్యాద ఉండేది. మునిసిపాలిటీ బిళ్ళ ఉండాలి, రాత్రిపూట దీపం ఉండాలి, డబుల్స్ ఎక్కితే పోలీసు పట్టుకునేవాడు. ఇవన్నీ సైకిలువాడికి పెట్టిన నియమాలే అనుకోండి. రోడ్డు మాత్రం చాలావరకు అతనిదే. కార్లు పెరిగాక ఆ బిళ్ళా పోయింది, ఆ రోడ్డూ పోయింది.

హాలెండులో అందరూ సైకిళ్ళమీదే తిరుగుతారని మనం వింటూ ఉంటాం. అదే, మన బందరులోనూ భీమునిపట్నంలోనూ ఒకప్పుడు వర్తకం చేసుకున్న డచ్చివారి దేశం. వాళ్ళకది పుట్టుకతో వచ్చిన గుణమని నేను అనుకునేదాన్ని. కాదుట. యుద్ధానికి ముందు అక్కడ సైకిళ్ళు విరివిగా ఉండేవి, నిజమే. 1950 తర్వాత చేతిలో నాలుగు డబ్బులు ఆడి, ఇంటింటికీ కారు వచ్చింది. కార్ల కోసం వీధులు వెడల్పు చేశారు, కూడళ్ళు కార్లు నిలిపే చోట్లయిపోయాయి, సైకిలుబాటలు కొన్నిచోట్ల ఎత్తేశారు. 1971లో ఒక్క ఏడాదిలో అక్కడి రోడ్లమీద సుమారు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పసిపిల్లలు! ఆ దేశమంతా కలిపినా జనాభా అప్పటికి కోటీ ముప్ఫై లక్షలు.

అలా పోయినవారిలో విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత కూతురు కూడా ఉంది. ఆయన 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని పేరు 'పిల్లల హత్య ఆపండి'. ప్రమాదం అనలేదు చూడండి, హత్య అన్నాడు. ఆ మాటే ఉద్యమం పేరయింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్నపిల్లల తల్లి అయిన మార్త్యే వాన్ పుటెన్. తరవాతి కాలంలో ఆవిడ ఐరోపా పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది.

ఈ తల్లులూ తండ్రులూ చేసిన పనులు చదువుతుంటే ముచ్చటేస్తుంది. ప్రమాదాలు జరిగే చోటికి వెళ్ళి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. సైకిళ్ళమీద ఊరేగారు. వీధి మూసేసి పిల్లల్ని ఆడుకోనిచ్చారు, నడివీధిలో బల్లలు వేసుకుని భోజనాలు చేశారు. మనకి కార్తీకంలో వనభోజనాలైతే వాళ్ళవి వీధిభోజనాలన్నమాట! ప్రధానమంత్రి డెన్ ఔల్ ఇంటిముందుకి వెళ్ళి పాటలు పాడితే, ఆయన బయటికి వచ్చి వాళ్ళ మాట విన్నాడు.

అంతలో 1973లో పెట్రోలు కరువొచ్చింది. ఆ నవంబరు 4 మొదలుకొని కొన్ని ఆదివారాలు కార్లు తియ్యకూడదన్నారు. పెద్దరోడ్లమీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతూ స్కేటింగు చేశారు. కారు లేకపోతే వీధి ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. తరువాత హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో సైకిలుబాటలు వేశారు. దుకాణాలముందు కార్లు నిలిపే చోటు పోతుందని హేగ్‌లో వర్తకులు గొడవపెట్టారు కూడా. 1980 దాటాక డెల్ఫ్ట్ పట్టణంలో ఊరంతా కలిసేలా బాటలు అల్లారు.

ఆ బాట ఎక్కడ పెట్టారన్నది అసలు కిటుకు. కార్లకీ బస్సులకీ మధ్యన కాదు, నిలిపిన కార్లకీ కాలిబాటకీ మధ్యన. తలుపు తెరుచుకోవడానికి కాస్త ఎడం కూడా వదిలారు. కారులో సాధారణంగా నడిపేవాడొక్కడే ఉంటాడు గనక అటువైపు తలుపు తీసేవాళ్ళూ తక్కువే. బస్సు స్టాపు దగ్గర బాటని స్టాపుకి వెనకగా తిప్పారు. బస్సు ఎడమ కుడి కోసుకున్నా సైకిలుకి అడ్డం రాదు. 2010కి వచ్చేసరికి రోడ్లమీద చనిపోయిన పిల్లలు ఏడాదికి 14 మంది. ఆ పద్నాలుగు ఇళ్ళలోనూ అది తక్కువేం కాదు, కానీ నాలుగువందలెక్కడ, పద్నాలుగెక్కడ?

హైదరాబాదులోనూ 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాట వేశారు, పైన సూర్యరశ్మితో కరెంటు తీసే పలకల కప్పు. బావుంది, కాదనను. కానీ అది వ్యాయామానికి వెళ్ళేవాళ్ళకి. ట్యూషనుకి వెళ్ళే పిల్లవాడు చిక్కడపల్లిలో తొక్కాలి గదా!

బాటలు వెయ్యడం మనచేతిలో లేదు, అడగడం తప్ప. మనచేతిలో ఉన్నది చెయ్యే. డచ్చివారు కారు తలుపుని దగ్గరి చేత్తో కాకుండా దూరపు చేత్తో తీస్తారుట. మనకైతే కుడివైపు కూర్చున్నవాళ్ళు ఎడమచేత్తో తియ్యాలి. అలా తీస్తే ఒళ్ళు దానంతటదే తిరుగుతుంది, కళ్ళు వెనక్కి వెళతాయి, వచ్చే సైకిలు కనిపిస్తుంది. 2022లో బ్రిటన్ తన రోడ్డు నియమాల పుస్తకంలో ఈ పద్ధతి చేర్చింది.

ఇంట్లో అందరికీ నేర్పాను. మావారు వారంలో పట్టేశారు. చిక్కల్లా మా అత్తగారితో వచ్చింది. "శుభమా అని గుడికొచ్చి ఎడంచేత్తో తలుపు తియ్యమంటావేమిటే?" అన్నారు. పాలబ్బాయి సంగతి అప్పుడు చెప్పాను ఆవిడకి, అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడేం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు కొబ్బరిచిప్పల సంచీ కుడిచేతిలోకి మార్చుకుని, వెనక్కి చూసి, ఎడంచేత్తో తలుపు తీశారు.