కారు ఇంజన్‌కి కరెక్షన్ స్లిప్పు

తమిళంలో చదువుకున్నవాణ్ణి, ఇంట్లో మాట్లాడే తెలుగే రాస్తున్నాను.

రైల్వేలో ఉన్నవాళ్ళకి కరెక్షన్ స్లిప్పు తెలుసు. రూలు మారితే పుస్తకమంతా మళ్ళీ అచ్చు వెయ్యరు. చిన్న కాగితం వస్తుంది, పాత పేరా మీద అంటిస్తాం. కారు ఇంజన్ కంప్యూటర్ కథ కూడా ఇంచుమించు ఇదే.

1981లో అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్లలో దాదాపు అన్నిటికీ కంప్యూటర్ పెట్టింది. పెట్రోలు ఎంత, స్పార్క్ ఎప్పుడు అనే లెక్కలు ప్రామ్ అనే చిన్న చిప్పులో ఉండేవి. లెక్క మార్చాలంటే మెకానిక్ డబ్బా విప్పి, పాత చిప్పు పీకి, కంపెనీ పంపిన కొత్తది గుచ్చాలి.

చెరిపి మళ్ళీ రాసే చిప్పు 1971లోనే ఉంది. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టాడు. దాని నెత్తిన చిన్న కిటికీ ఉంటుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని నిమిషాలు పెడితే రాత పోతుంది. వెలుతురు తగలకుండా ఆ కిటికీకి స్టిక్కర్ వేసేవారు! అయినా చిప్పు పీకే పని తప్పలేదు. తప్పించింది ఫ్లాష్ మెమరీ. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1984లో దాన్ని లోకానికి చూపించాడు. చెరపడం, రాయడం రెండూ కరెంటుతోనే. 90లలో అది కార్లలోకి వచ్చింది. 1996 మోడల్ నుంచి అమెరికాలో కార్లకి ఒకే రకం సాకెట్ తప్పనిసరి చేశారు. లోపాలు చూడ్డానికి పెట్టిన ఆ సాకెట్టే రాత మార్చడానికీ దారి అయింది.

రాస్తుండగా బ్యాటరీ దిగిపోతే సగం రాతతో బండి నిలిచిపోవచ్చు. అందుకే వర్క్‌షాపులో ముందు బ్యాటరీకి చార్జర్ తగిలిస్తారు. మళ్ళీ రాయించుకునే చిన్న ప్రోగ్రాముని మాత్రం చెరపకుండా వేరే భాగంలో ఉంచుతారు.

స్లిప్పు అంటిస్తే మనం చదవగలం. ఈ రాత బండి యజమానికి కనపడదు. నాకు భయం అక్కడే. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల సంగతి బయటపడింది. స్టీరింగ్ ఎలా తిరుగుతోంది, వేగం ఎంత అని చూసి, ఇది పొగ పరీక్షేనని సాఫ్ట్‌వేర్ పసిగట్టేది. అప్పుడు మాత్రం బుద్ధిగా నడిచేది. రోడ్డెక్కితే కొన్ని కార్లు హద్దుకి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. ప్రపంచమంతా సుమారు 1.1 కోట్ల బండ్లు. మన దేశంలో 3,23,700 బండ్లని వెనక్కి పిలుస్తామన్నారు. చాలా బండ్లకి మందు కూడా కొత్త సాఫ్ట్‌వేరే!

ఈసారి సర్వీసులో "అప్‌డేట్ చేశాం సార్" అంటే, దేనికోసం చేశారో అడిగి, పాత నంబరు, కొత్త నంబరు బిల్లు మీద రాయించుకోండి.