బాంబు ఎవరు చేశారు?

అణుబాంబు గురించి మన పిల్లలకి స్కూల్లో తెలిసేవి రెండు ముక్కలు. సైన్సు పుస్తకంలో కేంద్రక విచ్ఛిత్తి. సోషల్ పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం చివర ఒకటి రెండు వాక్యాలు: అమెరికా హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు వేసింది, జపాన్ లొంగిపోయింది. సైన్సు పాఠంలో ఊళ్లుండవు, సోషల్ పాఠంలో యురేనియం ఉండదు. ఈ రెంటికీ మధ్య, అంటే 1938 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా, ఆరున్నరేళ్లకి పైగా కాలం ఉంది. అప్పుడు ఎవరెవరు ఏమేం చేశారన్నదే పిల్లలకి చెప్పాల్సిన చరిత్ర అని నా నమ్మకం.

2023లో ఓపెన్‌హైమర్ సినిమా వచ్చాక ఆ పేరు మన ఇళ్లలోకీ వచ్చింది. ఆయన గీత చదివాడని మనవాళ్లు కాస్త మురిసిపోయారు కూడా. దాంతో బాంబు అంటే ఒక టోపీ, ఒక పైపు, ఒక మేధావి అన్నట్టు తయారైంది. ఆదివారాలు మా కాలనీ లైబ్రరీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలతో పుస్తకాలు చదువుతుంటాను. నిరుడు ఆగస్టులో నాలుగు వారాలు ఈ కథే చెప్పుకున్నాం. ఓపెన్‌హైమర్‌ని మూడో వారం దాకా రానివ్వలేదు.

మొదలు పెట్టింది లీజా మైట్నర్‌తో. యూదు కుటుంబంలో పుట్టిన ఈ ఆస్ట్రియన్ శాస్త్రవేత్త, ముప్ఫయ్యేళ్లు పనిచేసిన బెర్లిన్ వదిలి 1938 జులైలో ప్రాణాలు దక్కించుకుని పారిపోయింది. ఆ డిసెంబర్లో ఆమె పాత సహచరుడు ఓటో హాన్ నుంచి ఉత్తరం వచ్చింది: యురేనియం మీదకి న్యూట్రాన్లు పంపితే బేరియం కనిపిస్తోంది, ఇదెలా సాధ్యం? స్వీడన్లో క్రిస్మస్ సెలవల్లో మేనల్లుడు ఓటో ఫ్రిష్‌తో కలిసి మంచులో నడుస్తూ ఆమె జవాబు పట్టుకుంది. నీళ్లు నింపిన బెలూన్ సాగి సాగి నడుం దగ్గర తెగిపోయినట్టు, యురేనియం కేంద్రకం రెండు ముక్కలవుతోంది. 1944 నోబెల్ హాన్‌కి ఒక్కడికే ఇచ్చారు. బాంబు పనికి పిలుపొస్తే మైట్నర్ రానంది. ఈ కథలో మొదటి 'రాను' ఆమెదే.

తరవాత భయం మొదలైంది. హిట్లర్ చేతికి ముందు చిక్కితే? లియో సిలార్డ్ ప్రోద్బలంతో 1939 ఆగస్టు 2 తేదీ వేసిన ఉత్తరం మీద ఐన్‌స్టైన్ సంతకం పెట్టాడు. అక్టోబర్లో అది రూజ్‌వెల్ట్‌కి చేరింది. ఇది పిల్లలకి చప్పున అర్థమవుతుంది. "వాడు కొడతాడని మనం ముందే కర్ర పట్టుకోవడం" అంది ఒకమ్మాయి.

అసలు కష్టం తయారీలో ఉంది. సహజంగా దొరికే యురేనియంలో బాంబుకి పనికొచ్చే 235 రకం వెయ్యికి ఏడు పాళ్లు. వెయ్యి బియ్యపు గింజల్లో ఏడు వేరే రకం అనుకోండి. రంగూ రుచీ ఒకటే, బరువులో నూటికి ఒక వంతు పైచిలుకు తేడా. చేటతో చెరగలేం, జల్లెడ పట్టలేం. ఈ ఏరివేత కోసం టెనెసీ కొండల మధ్య ఓక్ రిడ్జ్ అని ఒక ఊరే కట్టారు. యుద్ధంవల్ల రాగి కొరత. అందుకని అయస్కాంతాల తీగచుట్టలకి అమెరికా ఖజానా నుంచి సుమారు 14 వేల టన్నుల వెండి అప్పు తెచ్చారు. ఆ యంత్రాల ముందు హైస్కూలు అయిపోయిన అమ్మాయిలు కూర్చుని, సూదులు గీత దాటకుండా మీటలు తిప్పేవాళ్లు. ఎందుకు తిప్పుతున్నారో వాళ్లకి చెప్పలేదు. ఖనిజంలో ఎక్కువ భాగం బెల్జియం ఏలుబడిలోని కాంగోలో, షింకొలోబ్వే గనిలో తవ్వింది. అక్కడి కూలీల పేర్లు ఏ సినిమాలోనూ రావు. ఒక దశలో ఈ పథకం కింద లక్షమందికి పైగా పనిచేశారు.

"వాళ్లకి తెలీదు కదా, మరి తప్పెవరిది?" అని ఏడో తరగతి కుర్రాడు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. తెలిసినవాళ్లు ఏం చేశారో చెప్పాను. జర్మనీ దగ్గర బాంబు లేదని అర్థమయ్యాక, 1944 చివర్లో జోసెఫ్ రోట్‌బ్లాట్ అనే పోలండు శాస్త్రవేత్త లాస్ అలమోస్ వదిలి వెళ్లిపోయాడు. 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి బాంబు పరీక్ష జరిగింది. మర్నాటి తేదీతో సిలార్డ్ ఒక విన్నపం రాస్తే 70 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. బాంబు పడేలోపు అది ట్రూమన్‌కి అందలేదు. మిగతావాళ్లు ఉండిపోయారు. వాళ్లలో చాలామందికి యుద్ధం త్వరగా ముగించాలన్న వాదన నిజంగానే బలంగా కనిపించింది. దాన్నీ దాచకూడదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయని చెబితే పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. జపాన్ అప్పుడు ఆసియాలో ఏం చేస్తోందో తెలియకుండా హిరోషిమా చెబితే అది సగం చరిత్రే.

పిల్లలకి ఎంత చూపించాలన్నది ఇంకో చిక్కు. అమెరికా దీన్ని కొన్నాళ్లు బొమ్మగా మార్చేసింది. 1947లో సీరియల్ డబ్బా మూత ముక్కా, పదిహేను సెంట్లూ పంపితే పిల్లలకి 'అణుబాంబు ఉంగరం' వచ్చేది. 1950 దశకం మొదట్లో నిజమైన యురేనియం ఖనిజంతో ఒక ఆట సామాన్ల పెట్టె అమ్మారు. అవే రోజుల్లో బాంబు పడితే బల్ల కింద దూరమని ఒక తాబేలు బొమ్మతో సినిమా తీసి స్కూళ్లలో చూపించారు.

జపాన్లో దారి వేరు. ఆరేళ్ల వయసులో హిరోషిమాలో తండ్రినీ, అక్కనీ, తమ్ముణ్నీ పోగొట్టుకున్న కేజీ నకజావా 1973 నుంచి 'బేర్‌ఫుట్ జెన్' బొమ్మల కథ గీశాడు. కాలిన ఒళ్లని దాచకుండా గీశాడు. 2023లో సాక్షాత్తూ హిరోషిమా నగర విద్యామండలే దాన్ని శాంతి పాఠాల నుంచి తీసేసింది. ఒంట్లో బలం లేని తల్లి కోసం జెన్ చేప దొంగిలించడం ఇప్పటి పిల్లలకి సరిపడదన్నారు. ఆకలి కూడా అర్థం కాదనుకుంటే ఇక యుద్ధం ఏం అర్థమవుతుంది?

నేను కాలిన ఒళ్ల ఫోటోలు చూపించలేదు. టిఫిన్ డబ్బా ఒకటి చూపించాను. 1945 ఆగస్టు 6 పొద్దున, మంటలు వ్యాపించకుండా ఇళ్లు కూల్చి ఖాళీ చేసే పనికి హిరోషిమాలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని వేలాదిగా తీసుకెళ్లారు. 8:15కి బాంబు పడింది. ఒక తల్లికి తన కొడుకు దొరికినప్పుడు అతని డబ్బా కూడా దొరికింది. లోపల అన్నం బొగ్గయిపోయింది. ఆ డబ్బా ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. అంత నాశనానికి కారణమైంది, శక్తిగా మారిన ఒక గ్రాము కన్నా తక్కువ పదార్థం. సైన్సు పాఠం, సోషల్ పాఠం మా పిల్లలకి అక్కడ కలిశాయి. ఆ ఏడాది ఆఖరుకి హిరోషిమాలో చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70 వేలకి పైగా.

మన దేశం 1974లో, 1998లో పోఖ్రాన్లో పరీక్షలు చేసింది. ఇప్పుడు తొమ్మిది దేశాల దగ్గర ఈ ఆయుధాలున్నాయి. దేశం బలంగా ఉండాలా వద్దా అని పిల్లలు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వాలి. వాళ్లలో కొందరు రేపు ల్యాబుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూర్చుని, ఎందుకో చెప్పని మీటలు తిప్పుతారు. 'ఇది దేనికి?' అని అడగడం అప్పటికి అలవాటై ఉండాలి.

"రోట్‌బ్లాట్ వెళ్లిపోయినా బాంబు ఆగలేదుగా సార్?" అన్నాడు ఆ కుర్రాడే. ఆగలేదు. అది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ తరవాత ఆయన రేడియేషన్‌ని వైద్యానికి వాడే పరిశోధనలోకి మళ్లాడు. 1957లో మొదలైన పగ్‌వాష్ సమావేశాల్లో రెండు పక్షాల శాస్త్రవేత్తల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పని దశాబ్దాల పాటు చేశాడు. 1995లో శాంతి నోబెల్ వచ్చేసరికి ఆయనకి 86 ఏళ్లు. పనిలోంచి లేచి రావడం ఒక్క రోజు పని. దాని తరవాతి పని యాభై ఏళ్లు పట్టింది.