కడుపునొప్పి తాళలేక: పిల్లల గాయాలు, నర్సులు, చట్టం

'కడుపునొప్పి తాళలేక' అనే మాట తెలుగు పత్రికలు చదివే వాళ్ళందరికీ తెలుసు. బతుకు మీద విసిగి తన ఒంటికి తానే హాని చేసుకున్న పిల్ల గురించి పోలీసు కాగితంలోనూ ఈ మాటే, పేపర్లోనూ ఈ మాటే. నొప్పి కడుపులో లేదని రాసినవాడికీ తెలుసు, చదివినవాడికీ తెలుసు. ఈ అబద్ధం వెనకాల పరువుతో పాటు ఒక చట్టం కూడా ఉంది.

1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ చావబోయి బతికినవాళ్ళని నేరస్తులుగా చూసింది. ఏడాది దాకా జైలు వెయ్యొచ్చంది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షన్‌ని సమర్థించింది. 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 1996లో మళ్ళీ నిలబెట్టింది. పెద్ద కోర్టుల్లో వాదనలు ఇలా నడుస్తుంటే మైలవరం నుంచో నందిగామ నుంచో బెజవాడ పెద్దాసుపత్రికి మోసుకొచ్చిన కూలివాళ్ళ పిల్ల మాత్రం ముందు కేసు, ఆ తర్వాతే రోగి. పోలీసులంటే ఎప్పుడూ భయపడుతూ బతికే వాడలవాళ్ళు నిజం ఎట్లా చెప్తారు?

ఆ మంచం పక్కన రాత్రంతా ఉన్న మనిషి నర్సు. ఆమె ఎక్కణ్ణుంచి వచ్చిందో మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. రక్తం, చీము, మలమూత్రాలు ముట్టే పని కాబట్టి అగ్రకులాలు చాలాకాలం ఆ పనికి తమ ఆడపిల్లల్ని పంపలేదు. మెట్టలోని రాఘవాపురంలో 1859లో పాగోలు వెంకయ్య అనే మాల కులస్తుడు బాప్తిస్మం తీసుకున్నాక వాడలకు బడి వచ్చింది. ఏరు దాటితే గుంటూరు. 1883లో అక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ స్థాపించిన ఆస్పత్రిలో స్థానిక స్త్రీలు నర్సింగ్ నేర్చుకున్నారు. అట్లాంటి మిషన్ ఆస్పత్రుల్లో తయారైన తొలితరం నర్సుల్లో మాల, మాదిగ ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే దేశం మొత్తానికి నర్సులు ఏడు వేలే. అంటరాని పని అని వదిలేసిన దాన్ని మనవాళ్ళు విద్యగా మార్చారు. కానీ వ్యవస్థ ఆమెకు అప్పగించింది కట్టు కట్టడం, కాగితం నింపడం, కాపలా కాయడం. పిల్ల చెప్పేది వినడం ఆమె డ్యూటీ కాలేదు.

వినడమే సగం వైద్యమని ఇప్పుడు రుజువులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు చోట్ల, ఆత్మహత్యాయత్నం చేసి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందితో ఒక అధ్యయనం చేసింది. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరికి మామూలు వైద్యమే చేశారు. మిగతావాళ్ళతో ఒక గంట మాట్లాడి, ఇంటికెళ్ళాక 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఎదురుగానో పలకరించారు. మామూలు వైద్యం పొందినవాళ్ళలో ఆత్మహత్య చేసుకుని చనిపోయినవాళ్ళు 2.2 శాతం, పలకరింపు దొరికినవాళ్ళలో 0.2 శాతం. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు.

గాయపరచుకున్న ప్రతి పిల్లా చావాలనే ఆ పని చెయ్యదు. చెప్పుకోలేని బాధని తట్టుకోడానికి చేసేవాళ్ళూ ఉన్నారు. అది 'నాటకం' కాదు. ఇలాంటి పిల్లలకు ముందుముందు ప్రమాదం ఎక్కువ. మందలించకుండా అందరికి కట్టినట్టే కట్టు కట్టాలి. ఒంటరిగా కూర్చోబెట్టి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. హాస్టల్లో కులం పేరుతో ఎవరన్నా అవమానించారా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. పత్తి, మిరప పండే ఊళ్ళు కాబట్టి పురుగుమందులు ఇంట్లో లేకుండా చూడమని తల్లిదండ్రులకు చెప్పాలి.

2017 మానసిక ఆరోగ్య చట్టం 2018లో అమల్లోకొచ్చింది. దాని 115వ సెక్షన్, ఇలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం ప్రభుత్వమే చూడాలి అంటుంది. 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయసంహితలో పాత 309 లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వందమంది పైన ఉన్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి తర్ఫీదు ఇవ్వాలనీ చెప్పింది.

సంక్షేమ హాస్టళ్ళ దగ్గర పనిచేసే సంఘాలు ఈ తీర్పు కాపీ పట్టుకుని వార్డెన్‌ని, కలెక్టర్‌ని అడగాలి. రాత్రి పూట టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చని హాస్టల్ గోడ మీద తెలుగులో రాయించాలి. ఆస్పత్రి నుంచి పిల్లని ఇంటికి తెచ్చుకునేటప్పుడు, డిశ్చార్జి చీటీ మీద మళ్ళీ పలకరించే తేదీ, పలకరించే నర్సు పేరు రాయించుకోవాలి.