రహీం సాబ్ షహర్‌లో ఒక్క గెలుపు

22 మ్యాచ్‌లు. 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. మొత్తం 8 పాయింట్లు. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ హిసాబ్ ఇది. 12 జట్ల పట్టికలో అందరికన్నా కింద మన షహర్ పేరు. రెండేళ్ల ముందు, 2022 మార్చి 20న, ఇదే జట్టు గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. ఆ మరుసటి ఏడు లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ఏకంగా అడుగుకి పడిపోయింది.

ఆ సీజన్ నేను దాదాపు మొత్తం చూశాను. కొన్ని మ్యాచ్‌లు గచ్చిబౌలి స్టేడియంలో, మిగతావి ఫోన్‌లో. బకాయిల గొడవ, ఫిఫా పెట్టిన ట్రాన్స్‌ఫర్ బ్యాన్, జట్టు వదిలి వెళ్లిపోయిన పేరున్న ఆటగాళ్లు... కారణాలు అందరికీ తెలిసినవే. చివరికి మైదానంలో ఎక్కువగా కుర్రాళ్లే మిగిలారు. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పాపం, జాన్ పెట్టి ఆడారు.

నా గుస్సా అంతా వేరే చోట ఉంది. 8 పాయింట్లు ఒక సీజన్ ఓటమి. మన షహర్ ఫుట్‌బాల్ మాత్రం అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఓడిపోయింది. ఆ ఓటమికి ఎవరూ బాధపడలేదు. ఎందుకంటే అసలు మన దగ్గర ఏముండేదో మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈసారి ఆ తారీఖ్ కొంచెం తిరగేద్దాం.

మన బుజుర్గులు వెళ్లిపోయింది కూడా ఆ రోజుల్లోనే. 2021 ఆగస్టులో సయ్యద్ షాహిద్ హకీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు మనిషి, తర్వాత ఫిఫా రెఫరీ. 2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం పోయారు. అదే ఏడు ఆగస్టు 15న మొహమ్మద్ హబీబ్ సాబ్ వెళ్లిపోయారు. నెల దాటాక నేను పైన చెప్పిన సీజన్ మొదలైంది. అది ముగిసే వేళకి, 2024 ఏప్రిల్‌లో రంజాన్ ఈద్‌కి, 'మైదాన్' సినిమా వచ్చింది. హకీం సాబ్ వాలిద్, ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద తీసిన సినిమా అది. సినిమా హాల్లో రహీం సాబ్‌కి చప్పట్లు, ఆయన సొంత షహర్ స్టేడియంలో ఖాళీ కుర్చీలు.

రహీం సాబ్ ఎవరో పిల్లలకి చెప్పేటప్పుడు మనం 'ఇండియా కోచ్' అని మొదలుపెడతాం. నన్నడిగితే 'ముదర్రిస్' అని మొదలుపెట్టాలి. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉర్దూలో చదువు చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, ఆ జట్టుకి ఆడారు. తర్వాత బడిపంతులు ఉద్యోగం. చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి బళ్లల్లో పాఠాలు చెప్పారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ వరసగా 5 సార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా మనదే. సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో వెంటవెంటనే హైదరాబాద్ ఇంటికొచ్చింది. కలకత్తా, బొంబాయి పెద్ద క్లబ్‌లకి ఈ పోలీసోళ్ల జట్టు పేరు చెబితే గుబులు పుట్టే జమానా అది.

ఆ గెలుపుల వెనక ఏముంది? డబ్బు కాదు. తర్బియత్. రహీం సాబ్ పిల్లల కోసం వింత టోర్నమెంట్‌లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ మనా, అంటే బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకొకదాంట్లో బలంలేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. చూసేవాళ్లకి నవ్వులాట. కానీ ఆ ఆటలో పెరిగిన కుర్రాడికి పదహారేళ్లకే రెండు కాళ్లూ సాగేవి, తల ఎత్తి పక్కవాణ్ణి చూడటం అలవాటయ్యేది. వీటికి కావలసిందల్లా ఒక మైదానం, ఒక బంతి, ఓపికున్న ఒక ఉస్తాద్.

బలరాం ఎలా దొరికారో వినండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో గుర్బత్‌లో పెరిగిన పిల్లవాడు. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. అంత దూరం రావడానికి నా దగ్గర పైసలు లేవన్నాడు. కిరాయి సైకిల్ కోసం రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చారు. బలరాం పెద్దయ్యాక ఈ మాట చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ రూపాయి సైకిల్ మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చాడు.

మనం రహీం సాబ్‌ని గెలుపులతోనే గుర్తు పెట్టుకుంటాం. నాలాంటి దిల్ విరిగిన అభిమానికి ఆయన ఓటమే ఎక్కువ పనికొచ్చే సబక్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఇండియా 10-1తో ఓడిపోయింది. చలిలో, తడి గడ్డి మీద, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అంతకు ముందు ఏడాదే ఢిల్లీలో ఇరాన్‌ని 1-0తో ఓడించి మొదటి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన ఉస్తాద్ ఆయనే. ఒక్క ఏడాదిలో ఇంత శోహరత్, ఇంత జిల్లత్.

ఆ ఓటమి తర్వాత మన దేశంలో బూట్లు వేసుకుని ఆడటం తప్పనిసరి చేశారు. రహీం సాబ్ యూరప్ జట్లు ఎలా నిలబడుతున్నాయో, ఎలా కదులుతున్నాయో చూసి, మనవాళ్ల ఆట తీరు మార్చారు. నాలుగేళ్లకి 1956 మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాను వాళ్ల ఇంట్లోనే 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి చేరారు. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టారు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా అంతకన్నా పైకి ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో మన షహర్ పేర్లు చూడండి: అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, తంగరాజ్. ఒకే షహర్ నుంచి ఇంతమంది! ఈ విరాసత్‌ని 'మనది' అని ఫఖర్‌గా చెప్పుకునేటప్పుడు అజీజుద్దీన్ పక్కన బలరాంని, నూర్ మొహమ్మద్ పక్కన తంగరాజ్‌ని కూడా కూర్చోబెట్టాలి. రహీం సాబ్ అలాగే కూర్చోబెట్టారు.

1962 జకార్తా సంగతి సినిమా పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలుసు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుని ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. రాజకీయ గొడవల వల్ల స్టేడియం అంతా మనకి ఎదురు. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని వెనక నుంచి తెచ్చి ముందు ఆడించారు రహీం సాబ్. జర్నైల్ ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్. 2-1. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా మళ్లీ గోల్డ్ చూడలేదు. అప్పటికే ఉస్తాద్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. 53 ఏళ్లు.

ఆయన పోగానే అంతా కూలిపోలేదు. ఇది గమనించాలి. ఆయన వేసిన బునియాద్ ఇంకో పదిహేనేళ్లు పంట ఇచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ మన సయ్యద్ నయీముద్దీన్. అందులో హబీబ్ కూడా ఉన్నారు. 1977లో పెలే కలకత్తా వచ్చి కాస్మోస్ తరఫున మోహన్ బగాన్ మీద ఆడితే, 2-2గా ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకరు. కలకత్తా వాళ్లు ఆయన్ని ప్రేమగా 'బడే మియా' అని పిలిచేవారు. తమ్ముడు అక్బర్, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... అందరూ ఇక్కడ తయారై అక్కడ మెరిశారు.

మన నష్టం మొదలైంది కూడా అక్కడే. హునర్ ఇక్కడిది, బజార్ అక్కడిది. కలకత్తా క్లబ్‌లు మంచి డబ్బిచ్చాయి, ఇజ్జత్ ఇచ్చాయి. కుర్రాళ్లు వెళ్లారు, తప్పేముంది? ఒకప్పుడు బంతి ఆడే పేద పిల్లవాడికి పోలీసు ఉద్యోగం ఒక భరోసా. 'ఆడితే రోజ్‌గార్ దొరుకుతుంది' అని అమ్మీ అబ్బాలు నమ్మేవాళ్లు. ఆ దారి సన్నబడుతూ పోయింది. బళ్లల్లో డ్రిల్లు మాస్టారి పోస్టు ఖాళీ అయితే అలాగే ఉండిపోయింది. మొహల్లా మైదానాల్లో ఒకచోట ఫంక్షన్ హాల్ లేచింది, ఇంకోచోట పార్కింగ్ వచ్చింది. క్రికెట్‌కి టీవీ తోడైంది. వీటిలో ఏ ఒక్కటీ ఫుట్‌బాల్‌ని చంపేయలేదు. అన్నీ కలిసి మెల్లగా దాని ఊపిరి తీసేశాయి.

ఇలా బునియాద్ పోయిన నేల మీద 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మేడ లేచింది. మొదటి సీజన్ ఆఖరి స్థానం, రెండేళ్లకి ఛాంపియన్. కోచ్ మనోలో మార్కెజ్ మంచి పని చేశారు, ఒగ్బెచే గోల్స్ కురిపించాడు. నేనూ గంతులేశాను. కానీ ఒకరోజు గచ్చిబౌలిలో మా అబ్బాయి అడిగాడు, "అబ్బా, వీళ్లల్లో మన హైదరాబాద్ వాళ్లు ఎవరు?" అని. నేను మైదానంలో ఒక్కొక్కరినీ చూస్తూ పోయాను. చార్మినార్ నుంచి ఆ స్టేడియానికి దాదాపు 20 కిలోమీటర్లు. ఆ రోజు దూరం అంతకన్నా ఎక్కువ అనిపించింది.

జట్టు బయటివాళ్లతో నిండితే తప్పు లేదు. ఏ లీగ్ అయినా అంతే. కానీ పైన ఉన్న జట్టుకి కింద బడి, మైదానం, మొహల్లా క్లబ్ లేకపోతే అది కిరాయి ఇల్లే. పైసలు ఉన్నన్నాళ్లు దీపాలు వెలుగుతాయి. పైసలు ఆగితే 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. ఆ తర్వాతి సీజన్ 13 జట్లలో 12వ స్థానం. 2025లో యాజమాన్యం జట్టుని ఢిల్లీకి తీసుకెళ్లి పేరు కూడా మార్చేసింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. సామాను సర్దుకుని ఖాళీ చేసినంత తేలిక. సిటీ పోలీస్ జట్టుని ఎవరైనా అలా ఎత్తుకుపోగలిగేవారా? దాని వేర్లు మన గల్లీల్లో ఉండేవి కదా.

ఉమ్మీద్ లేదని చెప్పను. శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో వరసగా రెండుసార్లు, 2022-23లో, 2023-24లో, రెండో స్థానంలో నిలిచింది. అదే సీజన్‌లో పెద్ద జట్టు మునుగుతుంటే చిన్న జట్టు తేలింది, మనం అటు చూడలేదు. ఆదివారం తెల్లారి పాతబస్తీలో ఏ మైదానం మిగిలితే అక్కడ బంతి వెంట పరిగెత్తే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. షౌక్ చావలేదు. ఉస్తాద్‌లు తక్కువయ్యారు.

ఇది హైదరాబాద్ వాళ్ల గోల మాత్రమే అనుకోకండి. కర్నూలులో, గుంటూరులో, ఖమ్మంలో, నల్లగొండలో ఉన్న మన ఇళ్లల్లో కూడా పిల్లలకి మెస్సీ, రొనాల్డో జాతకాలు కంఠస్థం. రహీం, హబీబ్, బలరాం పేర్లు సినిమా వచ్చేదాకా తెలియవు. మీ ఇంట్లో ఆ ఆట చూసిన నానా, దాదా ఎవరైనా మిగిలి ఉంటే ఫోన్ తెరిచి వాళ్ల మాటలు రికార్డు చేయండి. మీ వార్డులో ఖాళీ స్థలం మీద ఎవరి కన్నో పడితే, అది పిల్లల మైదానమని నలుగురూ కలిసి దరఖాస్తు పెట్టండి. మీ పిల్లల బడి మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల గురించి అడిగాక ఆటల పీరియడ్ ఏమైందని కూడా అడగండి.

ఇవేవీ కుదరకపోతే ఒక చిన్న పని. వచ్చే ఆదివారం మీ గల్లీ పిల్లల్ని రెండు జట్లు చేయండి. షర్తు ఒక్కటే: డ్రిబ్లింగ్ మనా. బంతి అందితే పక్కవాడికి ఇచ్చేయాలి. మొదటి పది నిమిషాలు పిల్లలు విసుక్కుంటారు. ఆ తర్వాత తలెత్తి ఒకర్నొకరు చూసుకోవడం మొదలుపెడతారు. రహీం సాబ్ మొదలుపెట్టింది అక్కడే.