షక్ ముందు ఎవరి మీద?

ఇంగ్లండులో, అమెరికాలో చిన్న ఊళ్లలో కూడా ఔత్సాహిక నాటక సమాజాలుంటాయి. పగలంతా నౌకరీ, దుకాణం, బడి. సాయంత్రమైతే ఏ చర్చి హాల్లోనో రిహార్సల్. పైసల కోసం కాదు, శౌక్ అంతే. అలాంటి వాళ్లు హిమ్మత్ చేసి ఎత్తుకునే హాస్య సంగీత నాటకం ఒకటుంది: 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్'. మన వైపు దాని పేరు విన్నవాళ్లు తక్కువ. ఖత్ల్ కథే, కానీ ఖాతిల్ ఎవరో నాటకం రాసినాయన తేల్చలేదు. ఆట మధ్యలో ఆపి హాజిరీన్‌నే అడుగుతారు. ఎక్కువ ఓట్లు ఎవరికి పడితే ఆ రాత్రికి వాళ్లే ఖాతిల్. ఆ సమాజం వాళ్ల తిప్పలు చూడండి: షక్ ఉన్న ఒక్కో పాత్రకీ నేరం ఒప్పుకునే పాట నేర్పి పెట్టుకోవాలి, చివరికి పాడేది ఒక్కరే.

ఇదంతా ఎందుకంటే, అసలు నవలే అధూరా. చార్లెస్ డికెన్స్ దాన్ని 1870 ఏప్రిల్ నుంచి నెలనెలా అచ్చేయించాడు. 12 భాగాలు అనుకున్నాడు. ఆరింటికి సరిపడా రాసి జూన్ 9న ఇంతెఖాల్ అయ్యాడు. కథలో డ్రూడ్ అనే కుర్రాడు క్రిస్మస్ ముందు రాత్రి, తుఫాను గాలిలో గాయబ్. మయ్యత్ దొరకలేదు. అసలు చచ్చాడో లేదో కూడా తెలీదు.

మయ్యత్ లేదు, గవాహ్ లేడు, అయినా తెల్లారేసరికి ఊరికి ముల్జిమ్ దొరికాడు. పేరు నెవిల్ లాండ్‌లెస్. సిలోన్ నుంచి కవల సోదరి హెలీనాతో వచ్చినవాడు, ఒంటి చాయ తక్కువ. వాళ్లది ఏ నస్లో డికెన్స్ సాఫ్‌గా చెప్పడు, ఊరికి మాత్రం ఆ రంగు చాలు. అంతకుముందు డ్రూడ్ అతని రంగు ఎత్తి ఎగతాళి చేస్తే గొడవైంది. ఆ గొడవే ఇప్పుడు సుబూత్. పొద్దున్నే కాలినడకన వెళ్తున్నవాణ్ని వెంటాడి పట్టుకొచ్చారు. ఆధారం లేక వదిలేశారు. వదిలేశారంటే ఇజ్జత్ తిరిగిచ్చారని కాదు. ఊళ్లో నిలవలేక లండన్‌లో పైకప్పు కింది గదిలో, పగలు బయటికి రావడానికి జంకుతూ బతికాడు. ఇల్జామ్ రద్దయినా బద్‌నామీ రద్దు కాదన్న సంగతి మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు షక్ పడాల్సింది డ్రూడ్ మామూ జాన్ జాస్పర్ మీద. చర్చిలో పాటల ఉస్తాద్, చాటుగా అఫీమ్ అలవాటు, మేనల్లుడికి మంగ్నీ అయిన పిల్ల మీదే కన్ను. మామే చంపుతాడని డికెన్స్ తనకు చెప్పినట్టు దోస్త్ జాన్ ఫోర్‌స్టర్ రాసిపెట్టాడు కూడా.

నవల మొదలయ్యేది లండన్‌లోని ఒక అఫీమ్ కొంపలో. మూల నిషాలో పడి ఉన్నవాళ్లలో ఒక 'లాస్కర్' ఉంటాడు. అది మన లష్కర్ మాటే. సికింద్రాబాద్‌ని పాత జనం లష్కర్ అనేది ఫౌజ్ వల్ల. ఇంగ్లిష్‌లో అదే మాట ఓడల్లో పనిచేసే హిందుస్తానీ ఖలాసీకి అంటుకుంది. వాళ్లలో చాలామంది ముసల్మానులు. డికెన్స్ అతనికి పేరు పెట్టలేదు. హైదరాబాద్‌తో ఇంకో తీగ కూడా ఉంది. జాస్పర్ గొంతు నులిమే పద్ధతి థగ్గులదని 1930లో హోవర్డ్ డఫీల్డ్ వాదించాడు. ఇంగ్లిష్ వాళ్ల బుర్రల్లో థగ్గు బొమ్మని గట్టిగా నాటిన 1839 నాటి నవల రాసింది నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్. అందులో థగ్గు పేరు అమీర్ అలీ. అంటే ఖాతిల్ గోరాయే అయినా, ఖత్ల్ చేసే హునర్ మాత్రం మన దగ్గర్నుంచే వచ్చిందన్నమాట!

ఈ అధూరా కిస్సాని రూపర్ట్ హోమ్స్ 1985లో న్యూయార్క్‌లో నాటకం చేశాడు. మాటలు, పాటలు, బాణీలు అన్నీ ఆయనవే. మరుసటి ఏడాది ఐదు టోనీ అవార్డులొచ్చాయి. విక్టోరియా రాణి కాలపు తమాషా కంపెనీ ఒకటి ఈ కథ ఆడుతున్నట్టు కట్టాడు. డ్రూడ్ వేషం ఆడమనిషిది. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే, అక్కడ ఉల్టా. నెవిల్, హెలీనాలు వేసేది కూడా ఆ కంపెనీ ఇంగ్లిష్ నటులే. తూర్పు దేశపు మనుషుల్లా అతి చేస్తూ నవ్వించాలి. ఇవాళ ఏ సమాజమైనా ఇది ఎత్తుకుంటే మొహాలకు రంగు పూయాలా, యాస వెక్కిరించాలా అన్నది తేల్చుకోక తప్పదు. నన్నడిగితే రంగు డబ్బా మూసి, నటుల అతినే నవ్వించనివ్వాలి. మజాక్ ఆ కంపెనీ మీద పడాలి గానీ సిలోన్ పిల్లల మీద కాదు.

జనంతో ఫైసలా చెప్పించడం హోమ్స్‌తోనే మొదలు కాలేదు. 1914 జనవరి 7న లండన్‌లో డికెన్స్ అభిమానులు ఉత్తుత్తి అదాలత్ పెట్టారు. జడ్జి జి.కె. చెస్టర్టన్, జ్యూరీ పెద్ద బెర్నార్డ్ షా. బోనులో నిలబెట్టింది నెవిల్‌ని కాదు, జాస్పర్‌ని. హెలీనా గవాహీ ఇచ్చింది. గంటల తరబడి బహస్ జరిగాక షా లేచి, ఇది ఖత్లే గానీ ఇరాదా లేని ఖత్ల్ అని తమాషాగా ఫైసలా చెప్పాడు. అందరూ రభస చేస్తుంటే చెస్టర్టన్, తాను తప్ప హాల్లో ఉన్నవాళ్లందరూ తౌహీన్-ఎ-అదాలత్ చేశారని జైలు హుకుం జారీచేసి లేచి వెళ్లిపోయాడు.